పేరు చెక్కని రాయి

పరదేశములో యుద్ధానికి వెళ్లి తిరిగిరాని కొడుకును తల్లి ఏ గుర్తుతో తలంచుకోవాలి? శవము ఇల్లు చేరదు. సమాధి ఎక్కడున్నదో తెలియదు. మిగిలేది పేరు ఒక్కటే. ప్రియ సహోదరీ సహోదరులారా, రాతిమీద ఆ పేరు కూడా దక్కని యౌవనస్థులు మన దేశములో వేలమంది ఉన్నారు.

1914 నుండి 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధానికి మన దేశమునుండి పది లక్షలకు పైగా మనుషులు సముద్రము దాటి వెళ్లారు. సుమారు 74,000 మంది మరణించారు. వంతెనలు కట్టి దారులు వేసే మద్రాస్ సాపర్స్ దళములో తెలుగువారు కూడా ఉండేవారు. ఆ దళము మెసపొటేమియాలో, అంటే నేటి ఇరాకులో, పని చేసింది. అక్కడి బస్రాలో 1929లో ఒక స్మారకము నిలిపారు. దానిపై ఇంగ్లీషు సిపాయిల పేర్లు చెక్కారు. భారతీయ అధికారుల పేర్లూ చెక్కారు. మన మామూలు సిపాయిల పేర్లు మాత్రము చెక్కలేదు. పటాలము పేరు కింద ఇంతమంది అని లెక్క వేసి ఊరుకున్నారు.

1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల కమిషన్, హోదా, జాతి, మతము చూడక అందరికీ సమాన గౌరవము అని చెప్పుకొన్నది. ఆ మాట నిలబెట్టుకోలేదని 2021 ఏప్రిల్‌లో ఆ సంస్థే ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. మన దేశము, ఆఫ్రికా, ఈజిప్టు మొదలైన చోట్లవారిలో 45,000 నుండి 54,000 మందికి సమానమైన గుర్తింపు దక్కలేదని నివేదిక తెలిపింది.

రెండవ ప్రపంచ యుద్ధము మనకు ఇంకా దగ్గరిది. కోటగిరి, బోధన్ అప్పుడు నిజాము సంస్థానములో ఉండేవి. ఆ సంస్థానపు 1వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ మలయాలోని కోటబారు విమానాశ్రయానికి కాపలా ఉండగా, 1941 డిసెంబరు 8న జపాను సైన్యము ఆ తీరాన దిగింది. ఆ యుద్ధములో సమాధి దొరకని 24,000 మందికి పైగా పేర్లను సింగపూరులోని క్రాంజి స్మారకముపై చెక్కి, 1957లో ఆవిష్కరించారు. దొర పేరు, మన సిపాయి పేరు ఒకే స్మారకముపై ఉన్నాయి.

ఇక మన ఇళ్లలో మిగిలిన పని మనదే. పెట్టె అడుగున పాత వెండి మెడల్ ఉంటే కరిగించవద్దు. మొదటి యుద్ధపు వెండి మెడల్ అంచుమీద సిపాయి నంబరు, పేరు, పటాలము చిన్న ఇంగ్లీషు అక్షరాలతో ఉంటాయి. పిల్లలచేత చదివించండి. అరచేతి కంటె పెద్దదైన గుండ్రని కంచు బిళ్ల ఉంటే, అది చనిపోయినవాని ఇంటికి పంపినది. దానిపై హోదా ఉండదు, పేరు ఒక్కటే ఉంటుంది.

ఇంటి ముసలివారు బ్రతికి ఉండగానే అడగండి: మన వంశములో పటాలానికి వెళ్లినవారెవరు? తిరిగి రానివారెవరు? పేరు, తండ్రి పేరు, ఊరు, వెళ్లిన సంవత్సరము, ఈ నాలుగూ ఒక పుస్తకములో రాసిపెట్టండి. సంఘ పెద్దలు రిజిస్టరులో ఒక పేజీ ఇందుకు కేటాయించవచ్చును. బస్రా రాతిమీద లేని పేరు మన ఊరిలోనైనా ఉంటుంది.