పచ్చటి టర్ఫ్: భయపడాల్సింది ఎంత, జాగ్రత్త పడాల్సింది ఎంత?



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలకు ఇప్పుడు సాయంత్రం ఆట అంటే బాక్స్ క్రికెట్ టర్ఫే. ఆడి వచ్చాక బూట్లు దులిపితే చాలాసార్లు నల్లటి రబ్బరు గుళికలు రాలతాయి. "ఇవి పాత టైర్ల ముక్కలట, క్యాన్సర్ వస్తుందట" అన్న మాట వాట్సాప్‌లో మీరూ చూసే ఉంటారు. ఇందులో నిజమెంతో చూద్దాం.

టర్ఫ్‌లో ఏముంటుంది?

పైన కనిపించే గడ్డి ప్లాస్టిక్ పోగు. అది నిలబడటానికి, కింద మెత్తగా ఉండటానికి పోగుల మధ్య ఇసుక, చాలాచోట్ల రబ్బరు గుళికలు పోస్తారు. పాత టైర్లను పొడి చేస్తే వచ్చే ఈ గుళికల్లో జింకు వంటి లోహాలు, పీఏహెచ్‌లు అనే రసాయనాలు ఉంటాయి. పీఏహెచ్‌లలో కొన్ని క్యాన్సర్ కారకాలు. గడ్డి రంగులో సీసం ఉందని తేలి 2008లో అమెరికాలోని న్యూజెర్సీలో కొన్ని మైదానాలు మూసివేశారు. కాబట్టి "రసాయనాలు ఉన్నాయి" అన్న మాట నిజమే.

ఉండటం వేరు, ఒంట్లోకి చేరడం వేరు

ఈ తేడా ఉమ్మడి నల్లగొండ వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. మన నీళ్లలోని ఫ్లోరైడ్‌నే తీసుకోండి. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఉంటే ఇబ్బంది లేదు. వేరే నీటి వనరు లేనప్పుడు కూడా 1.5 దాటకూడదు. అంతకు బాగా మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లకు గార పడుతుంది, ఎముకలు వంగిపోతాయి. ఎంత మోతాదు, ఏ దారిన, ఎన్నాళ్లు అన్నవే అసలు ప్రశ్నలు.

టర్ఫ్ విషయంలోనూ శాస్త్రవేత్తలు ఇవే ప్రశ్నలు వేసుకున్నారు. గుళికల మైదానాల్లో ఆడితే వచ్చే ముప్పు దాదాపు లేనట్టేనని నెదర్లాండ్స్ ప్రజారోగ్య సంస్థ 2016లో తేల్చింది. ఆందోళన చాలా తక్కువ స్థాయిలోనే ఉందని 2017లో యూరప్ రసాయనాల సంస్థ చెప్పింది. గుళికల్లో రసాయనాలు ఉన్నా, గాలిలోకీ ఒంట్లోకీ విడుదలయ్యేది పరిమితమేనని అమెరికా పర్యావరణ సంస్థ 2024 నివేదికలో పేర్కొంది. అయితే ఇది ముప్పును లెక్కగట్టిన నివేదిక కాదని కూడా అదే చెప్పింది.

అలాగని యూరప్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. కిలో గుళికల్లో ఎనిమిది రకాల పీఏహెచ్‌లు అన్నీ కలిపి 20 మిల్లీగ్రాములకు మించరాదని 2022 ఆగస్టు నుంచి నిబంధన అమలు చేస్తోంది.

మన ఊళ్లలో మొదటి ముప్పు: వేడి

మామూలు గడ్డి నీటిని ఆవిరి చేసి చల్లబడుతుంది. ప్లాస్టిక్‌కు ఆ గుణం లేదు. ఎండలో టర్ఫ్ ఉపరితలం 60 డిగ్రీలు దాటడం పరిశోధకులు ఎన్నోసార్లు కొలిచి చూసిన విషయమే. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలి ఉష్ణోగ్రతే 40 దాటుతుంది. అలాంటి మధ్యాహ్నం టర్ఫ్ మీద పడితే చర్మం కాలవచ్చు, వడదెబ్బ తగలవచ్చు. రసాయనాల గురించి ఆలోచించేవాళ్లు ముందు ఈ సంగతి చూడాలి.

వాన నీటితో కొట్టుకుపోయేది

ఆటగాళ్ల బూట్లతో, వాన నీటితో గుళికలు కొద్దికొద్దిగా బయటకు పోతాయి. కాలువల్లో, చెరువుల్లో చేరితే అవి కుళ్లిపోవు. అందుకే యూరోపియన్ యూనియన్ 2023లో ఇలాంటి ప్లాస్టిక్, రబ్బరు గుళికల అమ్మకాన్ని నిషేధించింది. మైదానాలకు మాత్రం 2031 అక్టోబరు వరకు గడువిచ్చింది. పాతబడిన టర్ఫ్‌ను తగలబెడితే విషపూరితమైన పొగ వస్తుంది. మీ వీధిలో ఎవరైనా అలా చేస్తుంటే వద్దని చెప్పండి.

ఇంట్లో పాటించాల్సినవి

• ఆట అయ్యాక, ఏదైనా తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. టర్ఫ్ మీద కూర్చుని తినకూడదు.
• చేతికి దొరికింది నోట్లో పెట్టుకునే చిన్నపిల్లలను గుళికల దగ్గర ఆడనివ్వకండి.
• గీసుకుపోయిన చోట నీళ్లతో, సబ్బుతో వెంటనే కడగండి.
• బూట్లు, సాక్సులు టర్ఫ్ దగ్గరే దులిపించండి. దులిపిన గుళికలు కాలువలో కాకుండా చెత్తడబ్బాలో వేయాలి.
• ఎండాకాలం ఉదయం ఎండ ముదరకముందు లేదా పొద్దు వాలాక టర్ఫ్ చల్లబడ్డాకే ఆడాలి. నీళ్ల బాటిల్, బూట్లు తప్పనిసరి.

డబ్బు కట్టేముందు అడగాల్సినవి

టర్ఫ్ యజమానిని మూడు ప్రశ్నలు అడగండి. పోగుల మధ్య పోసింది ఇసుకా, రబ్బరా? రంగులో సీసం, గుళికల్లో పీఏహెచ్‌లు ఎంత ఉన్నాయో తయారీదారు ఇచ్చిన పరీక్ష నివేదిక ఉందా? వాన నీటితో గుళికలు బయటికి పోకుండా అంచు కట్టారా? మా పాఠశాలతో సహా ఏ పాఠశాలలో టర్ఫ్ చూసినా ఇవే ప్రశ్నలు అడగండి. ఫీజు కట్టే తల్లిదండ్రులుగా అది మీ హక్కు.

ఇదంతా చదివి పిల్లల ఆట మాన్పించకండి. ఫోన్ పట్టుకుని సోఫాలో కూర్చునే పిల్లవాడి కన్నా చెమట పట్టేలా ఆడే పిల్లవాడే ఆరోగ్యంగా ఉంటాడు. దగ్గర్లో మట్టి మైదానం ఉంటే వారంలో కొన్ని రోజులు అక్కడికి పంపండి. టర్ఫ్‌కు వెళ్లిన రోజు చేతులు కడిగాకే భోజనానికి రమ్మనండి.