వార్తల్లో పదం: క్లస్టర్

ఒకే రంగానికి చెందిన సంస్థలు, సరఫరాదారులు, నిపుణులు ఒకేచోట చేరితే అది క్లస్టర్. తైవాన్‌కు విదేశీ కంపెనీలను రప్పిస్తున్నది ముఖ్యంగా ఇదే తప్ప పన్ను రాయితీలు కావు. అక్కడ కార్పొరేట్ పన్ను 20 శాతం. సింగపూర్‌లో 17 శాతమే. అయినా అమెరికాకు చెందిన మైక్రాన్ తైచుంగ్‌లో మెమరీ చిప్‌లు తయారుచేస్తోంది. 1980లో ప్రభుత్వం షిన్‌చూ సైన్స్ పార్కును రెండు విశ్వవిద్యాలయాల చెంతనే నెలకొల్పడం, 1987లో చిప్‌ల తయారీ సంస్థ టీఎస్ఎంసీ స్థాపనలో నెదర్లాండ్స్ కంపెనీ ఫిలిప్స్ వాటా తీసుకోవడం ఈ చిప్ క్లస్టర్‌కు పునాది.

చైనా ముప్పు మాటేమిటని అడగవచ్చు. ఆ భయం కొట్టిపారేయదగినది కాదు. తైవాన్ ఇంధనంలో 90 శాతానికి పైగా దిగుమతే కావడం మరో బలహీనత. కానీ నాలుగు దశాబ్దాలుగా పోగైన నైపుణ్యాన్ని రాయితీలు చూపి రాత్రికి రాత్రే మరోచోటికి తరలించలేరు. గుజరాత్‌లోని ధోలేరాలో టాటాలు తలపెట్టిన చిప్ కర్మాగారానికి సాంకేతిక భాగస్వామి కూడా తైవాన్ సంస్థే.