నీటి అడుగున ఛాయాగ్రహణం: చిన్న పెట్టుబడితో ఏమి కొనాలి?

మా మేనల్లుడు విశాఖపట్టణంలో స్కూబా విద్య నేర్చుకొన్నాడు. వీపున గాలి సిలిండరు కట్టుకొని సముద్రంలో 18 మీటర్ల లోతు వరకు దిగవచ్చునని యోగ్యతాపత్రం చేతికి రాగానే, నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. "మామయ్యా, ఏడాది జీతంలో మిగిల్చినదంతా పెట్టి ఒక గొప్ప కెమెరా కొంటాను. ఏది కొనమంటారు?" అన్నాడు. "అంతా కెమెరాకే పెడితే నీకు బొమ్మలు రావు" అన్నాను. వాడు చిన్నబుచ్చుకొన్నాడు. వాడికి ఆనాడు చెప్పిన కారణమే శ్రోతలకూ చెబుతున్నాను.

నేల మీద కెమెరాకూ దృశ్యానికీ నడుమ ఉన్నది గాలి. సముద్రంలో ఉన్నది నీరు. సూర్యకాంతిలోని రంగులన్నిటినీ నీరు సమంగా పోనివ్వదు. ఎరుపును అన్నిటికంటె ముందు మింగివేస్తుంది. ఐదారు మీటర్ల లోతుకే అది చాలావరకు అంతరిస్తుంది. తరువాత నారింజ, ఆపైన పసుపు. చివరకు మిగిలేవి ఆకుపచ్చ, నీలం. ఇక్కడ చాలామంది మరచిపోయే సంగతి ఒకటున్నది. కాంతి పైనుండి దిగిన దూరమే కాక, చేప నుండి కెమెరాకు అడ్డంగా వచ్చే దూరాన్ని కూడా లెక్కలో కలుపుకోవాలి. 5 మీటర్ల లోతున ఉన్న చేపను 2 మీటర్ల దూరం నుండి తీస్తే, ఆ కాంతి 7 మీటర్ల నీటిని దాటి వచ్చిందన్నమాట. ఎంత ఖరీదైన కెమెరా అయినా తన దాకా రాని ఎరుపును పట్టలేదు.

ఈ చిక్కు కొత్తది కాదు. ఫ్రాన్సులో బాన్యుల్ తీరాన 1893లో లూయీ బూతాఁ అనే జీవశాస్త్రజ్ఞుడు కెమెరాను పెట్టెలో బిగించి సముద్రంలోకి దింపాడు. కొద్దికాలానికే ఆయన వెలుగు కోసం మెగ్నీషియం మండించే ఉపాయాలు వెదుక్కోవలసి వచ్చింది. 1926లో అమెరికాలో ఫ్లోరిడా చెంత లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు సముద్రగర్భాన్ని తొలిసారి రంగులలో తీసినప్పుడు, పైన తెప్ప మీద మెగ్నీషియం పొడిని పేల్చి ఆ వెలుగులో తీశారు. ఆనాటి ప్రాణాంతకమైన ఏర్పాటు ఈనాడు అరచేతిలో ఇమిడే ఫ్లాష్ దీపమైంది. ధనవ్యయం జరగవలసిన చోటు అది.

కనుక నూరు రూపాయలున్న మనిషి కెమెరాకూ దాని పెట్టెకూ కలిపి ఏభై, దీపానికీ దానిని పట్టే చేతికీ నలభై కేటాయించి, పది చేతిలో ఉంచుకోవాలని నా అభిప్రాయం. కటకాలు మార్చుకొనే పెద్ద కెమెరాల జోలికి పోవద్దు. వాటికి సరిపోయే జలనిరోధకపు పెట్టె ఒక్కొక్కప్పుడు కెమెరా కంటె ఎక్కువ ఖరీదు. కటకం మార్చినప్పుడల్లా ముందరి గాజుమూత కూడా మార్చాలి. చిన్న కెమెరాయే మేలు. ఒలింపస్ వారు మొదలుపెట్టిన 'టఫ్' శ్రేణిలో 2023లో వచ్చిన టి.జి. 7 కెమెరా పెట్టె లేకుండానే 15 మీటర్ల వరకు తట్టుకొంటుందని తయారీదారుల హామీ. మావాడి యోగ్యతాపత్రం 18 మీటర్లకు కదా! ఆ మూడు మీటర్ల తేడాలోనే కెమెరా మునిగిపోగలదు. దానికోసమే చేసిన పెట్టె 45 మీటర్ల వరకు కాపాడుతుంది. వాడిన సరుకు కొనేవారు మొదట పెట్టె దొరుకుతుందో లేదో చూచుకొని, తరువాతనే కెమెరా కొనాలి. ఒక నమూనాకు చేసిన పెట్టె సాధారణంగా మరొకదానికి పట్టదు.

ఫోనులో తీయవచ్చునా అని అడిగేవారున్నారు. ఫోనుకు నీటిలో తడవదని ఇచ్చే హామీ మంచినీటిలో, నిశ్చలంగా ఉంచి చేసిన పరీక్ష. ఉప్పునీటికి, ఈతకు దానిని నమ్ముకోరాదు.

ఇక దీపం. దానిని కెమెరా నెత్తిన బిగిస్తే తెల్లవారుజామున అరకు ఘాటులో పొగమంచు మీద మోటారు దీపాలు వేసినట్లే ఉంటుంది. నీటిలో తేలే రేణువులన్నీ వెలిగి, బొమ్మ నిండా తెల్లని చుక్కలు పడతాయి. అందుచేత దీపాన్ని పొడవైన చేతి మీద పక్కకు జరిపి, కొంచెం వెలుపలి వైపుకు తిప్పాలి. అప్పుడు దాని వెలుగు అంచు మాత్రమే చేపను తాకుతుంది. దూరం ఒక మీటరు దాటకూడదు. మన తీరంలో నీరు తరచు కలకగా ఉంటుంది గనుక ఇంకా దగ్గరకు పోవటమే మంచిది. చౌకగా దొరికే ఎర్ర ఫిల్టరు లోతు తక్కువైన చోట, ఎండ బాగా ఉన్నప్పుడు కొంత పనిచేస్తుంది. అది లేని ఎరుపును సృష్టించదు. ఉన్న నీలాన్ని తగ్గిస్తుంది, అంతే.

చేతిలో ఉంచుకొన్న ఆ పది రూపాయలు దేనికంటే, పెట్టె మూతకు ఉండే రబ్బరు వలయానికీ, దానికి రాసే గ్రీజుకూ. 10 మీటర్ల లోతున పెట్టె మీద పడే ఒత్తిడి ఉపరితలం మీది దానికి రెట్టింపు. ఆ ఒత్తిడిని ఆపేది సన్నని వలయం ఒక్కటే. అండమానులో నేనొకసారి తొందరపడి మూత వేశాను. వలయం మీద ఒక తలవెంట్రుక ఉన్నదని గమనించలేదు. అయిదు నిముషాలలో కెమెరా ఉప్పునీటి తొట్టె అయింది. అప్పటినుండి ఏ పెట్టెనైనా ముందు కెమెరా లేకుండా, లోపల మడిచిన పలుచని కాగితం ఉంచి దింపుతున్నాను. కాగితం పొడిగా తిరిగి వస్తేనే కెమెరాకు ప్రవేశం.

మావాడితో మరొక మాట కూడా అన్నాను: "మొదటి పది మునకలకు కెమెరా తీసుకుపోకు." కెమెరాలో కన్ను పెట్టినవాడు సిలిండరులో గాలి ఎంత మిగిలిందో చూడటం మరచిపోతాడు. నీటిలో స్థిరంగా తేలటం చేతకానివాడు బొమ్మ కోసం పగడాల మీద కాలు మోపుతాడు. ఏటికి రెండు సెంటీమీటర్లయినా పెరగని పగడాలు చాలా ఉన్నవి. మనదేశంలో దిబ్బలు కట్టే పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ కూడా ఉన్నది.

ఒడ్డుకు వచ్చిన తరువాత మూత వెంటనే తెరవకూడదు. పెట్టెను అరగంట మంచినీటి బక్కెట్టులో ఉంచి, మీటలన్నీ నొక్కి చూచి, ఉప్పు కరగనివ్వాలి. తెరవబోయే ముందు తల బాగా తుడుచుకోవాలి. మావాడు జుట్టు ఎక్కువగా పెంచాడు, ఆ జుట్టు నుండి కారే ఒక్క చుక్క చాలు.