ఆగి ఆగి నడిచే జీపు: జబ్బు ఎక్కడుంది?

ఈసారి గోడ పత్రికకు నేను కథ రాయలేదు. ఇంజను గురించి రాస్తున్నాను. ఆడపిల్లకి ఇంజనుతో ఏం పని అని నవ్వకండి. మొత్తం చదివేక నవ్వండి.

మా చిన్నాన్నకి ఒక పాత డీజిల్ జీపు ఉంది. నా కంటే వయసులో పెద్దది. సంత రోజున జనాన్ని, మిగతా రోజుల్లో పసుపు, కాఫీ బస్తాల్ని మోస్తుంది. పోయిన వానాకాలంలో దానికి ఒక జబ్బు పట్టుకుంది. బాగానే నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయేది. పావుగంట ఊరుకుంటే ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది.

దసరా సెలవుల్లో ఒక రాత్రి మా వదినకి నొప్పులు వచ్చేయి. 108కి ఫోన్ చెయ్యాలంటే మా ఊళ్ళో సిగ్నల్ లేదు. అందుకని జీపులోనే పాడేరు ఆసుపత్రికి బయలుదేరేం. దారిలో జీపు మూడుసార్లు ఆగింది. బయట చీకటి, వాన. మూడోసారి ఆగినప్పుడు వదిన నా చెయ్యి పట్టుకుంటే గోళ్ళు దిగేయి. ఎలాగో చేరేం. చేరిన కొంచెం సేపటికే పాప పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. ఐతే ఇంకొక్కసారి ఆగి ఉంటే పాప రోడ్డు మీదే పుట్టేది.

అసలు ఇంజను ఎందుకు ఆగుతుంది? ముందు అది ఎలా నడుస్తుందో తెలియాలి. డీజిల్ ఇంజనుని జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ అనే ఆయన తయారు చేశారు. 1897లో అది బాగా పనిచేసి చూపించింది. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ కోసం ప్లగ్ ఉంటుంది. డీజిల్ ఇంజనుకి అది అక్కరలేదు. లోపల గాలిని గట్టిగా నొక్కితే ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి డీజిల్ చిమ్మగానే అదే మండుతుంది. అంటే దానికి గాలి కావాలి, డీజిల్ కావాలి, లోపల నొక్కుడు బాగుండాలి. మా జీపు మళ్ళీ స్టార్టవుతోంది కాబట్టి నొక్కుడు బాగానే ఉందన్నమాట. ఇక అనుమానం డీజిల్ వచ్చే దారి మీద.

ఆ దారి ఇది: ట్యాంకు, పైపు, చిన్న పంపు, ఫిల్టరు, పెద్ద పంపు, ఆఖరున ఇంజనులోకి చిమ్మే ఇంజెక్టర్లు. చిన్నాన్న అప్పటికే ఫిల్టరు మార్చేడు. పైపు వాషర్లు మార్చేడు. డబ్బు పోయింది కాని జబ్బు పోలేదు.

సంత దగ్గర ఉండే మెకానిక్ మావయ్య పానా పట్టకుండా ముందు ప్రశ్నలు అడిగేడు. ఎంతసేపటికి ఆగుతుంది? ఎంతసేపటికి మళ్ళీ స్టార్టవుతుంది? ఏ రోజు ఎక్కువ ఆగుతుంది? చిన్నాన్నకి తెలియలేదు. నేను చెప్పేను, ఎందుకంటే ఆ రాత్రి ఫోనులో టైము చూస్తూనే ఉన్నాను. దాదాపు ప్రతి అరగంటకీ ఆగింది, పావుగంటకి మళ్ళీ కదిలింది. ట్యాంకు నిండా డీజిల్ పోయించిన రోజే ఎక్కువ ఆగుతుంది.

ఆయన నవ్వి, "ఈసారి ఆగగానే ట్యాంకు మూత తియ్యమ్మా. చెవి పెట్టి విను" అన్నాడు.

ఘాటీ ఎక్కుతుంటే జీపు ఆగింది. మూత తిప్పేను. స్స్‌మని గాలి లోపలికి పోయింది! చిన్నాన్న రెండుసార్లు చేతి పంపు కొట్టి సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంది. పావుగంట ఆగక్కరలేదు.

కారణం ఇదీ. ట్యాంకులోంచి డీజిల్ పోయినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకే మూతకి చిన్న కన్నం ఉంటుంది. మా మూత కన్నం బురదతో పూడిపోయింది. గాలి రాక లోపల పీడనం తగ్గిపోయింది. పంపు ఎంత లాగినా డీజిల్ రాలేదు. ఆగి ఉన్నప్పుడు సందుల్లోంచి మెల్లగా గాలి దూరేది, అప్పుడు మళ్ళీ నడిచేది. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ కాబట్టి పీడనం తొందరగా పడిపోయేది. సన్నని తీగతో కన్నం శుభ్రం చేసేం. మావయ్య టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు.

మీరూ చూడొచ్చు. నీళ్ళ సీసా అడుగున సూదితో కన్నం పెట్టి మూత బిగించండి. నీళ్ళు కొంచెం కారి ఆగిపోతాయి. మూత వదులు చెయ్యండి, మళ్ళీ కారతాయి.

ఐతే ఆగే ప్రతి బండికీ మూతే కారణం కాదు. గుర్తులు వేరుగా ఉంటాయి:

1. తడబడి ఆగి, చేతి పంపు కొట్టి గాలి తీస్తే తప్ప స్టార్టవకపోతే పైపులోకి గాలి దూరుతోంది. అతుకుల దగ్గర డీజిల్ తడి ఉందేమో చూడాలి.
2. ఎత్తు ఎక్కేటప్పుడు బలం తగ్గుతూ తగ్గుతూ ఆగితే ఫిల్టరులో మడ్డి ఉండొచ్చు.
3. వానాకాలంలో డీజిల్‌లో నీళ్ళు కలవొచ్చు. ఫిల్టరు అడుగు బోల్టు వదులు చేస్తే ముందు నీళ్ళే దిగుతాయి.

జాగ్రత్త: చూసేటప్పుడు దగ్గర దీపం, బీడీ ఉండకూడదు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత అస్సలు తియ్యకూడదు. మరిగే నీళ్ళు మొహం మీదికి ఎగజిమ్ముతాయి. నేను చెప్పింది ట్యాంకు మూత.

నాకు అర్థమయింది ఒకటే. అప్పుడప్పుడు వచ్చే జబ్బుని సామాను మార్చి పట్టుకోలేం. ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు మళ్ళీ నడుస్తుందో రాసుకుంటే అదే చెప్తుంది.

మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదలు. "ఇవన్నీ బడిలో చెప్తారా?" అని అమ్మ అడిగింది. గాలి పీడనం సైన్సు సారు చెప్పేరు, మూత సంగతి మావయ్య చెప్పేడు, రెండూ ఒకటేనని నాకు తెలిసింది అన్నాను. పాపని ఎత్తుకుని అమ్మ నవ్వింది.

తప్పులుంటే దిద్దండి.

– 9వ తరగతి విద్యార్థిని