తిప్పతీగ: ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు?

2020లో కరోనా భయంతో గడప దాటని రోజుల్లో, చాలా తెలుగు ఇళ్లలో మిరియాలు, శొంఠి, పసుపుతో పాటు తిప్పతీగ కూడా పొయ్యెక్కింది. అంతకుముందు అది కంచెల మీద, వేపచెట్ల మీద ఎవరికీ పట్టకుండా పాకే తీగ. పల్లెల్లో ఎరిగినవాళ్లు జ్వరం వస్తే నాలుగు రోజులు కషాయం కాచుకునేవారు, జ్వరం తగ్గాక మానేసేవారు. కరోనా కాలంలో అది పొడి అయింది, మాత్ర అయింది, సీసాలో రసం అయింది. 'ఇమ్యూనిటీ' అన్న ఒక్క మాట తోడయ్యేసరికి జ్వరం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, షుగర్ ఉన్నవాళ్లూ థైరాయిడ్ ఉన్నవాళ్లూ పరగడుపున ఓ గ్లాసు తాగడం మొదలుపెట్టారు. కరోనా పోయినా ఆ అలవాటు కొన్ని ఇళ్లలో ఉండిపోయింది. తిప్పతీగకు గుణం ఉంది. ఉంది కాబట్టే, మరే మందునైనా అడిగే ప్రశ్నలు దాన్నీ అడగాలి.

అన్నిటికన్నా ముందు, చేతిలో ఉన్నది తిప్పతీగేనా? శాస్త్రజ్ఞులు దీన్ని టినోస్పోరా కార్డిఫోలియా అంటారు. సంస్కృతంలో గుడూచి, అమృత. హిందీవాళ్ల గిలోయ్ కూడా ఇదే. ఆకు హృదయాకారంలో పలచగా, నున్నగా ఉంటుంది. కానీ ఒక్క ఆకును చూసి తేల్చుకోకూడదు, అలాంటి ఆకులున్న తీగలు మన చుట్టూ బోలెడు. చూడాల్సింది కాండాన్ని. లేత కాండం పచ్చగా, నున్నగా ఉంటుంది. ముదిరినదాని మీద లేత గోధుమ రంగు పలచని పొర ఏర్పడుతుంది. గోటితో గీకితే అది ఊడి, కింద పచ్చదనం బయటపడుతుంది. కాండాన్ని అడ్డంగా కోస్తే బండిచక్రానికి చువ్వలున్నట్టు నడిమి నుంచి అంచుదాకా గీతలు కనిపిస్తాయి. పై కొమ్మల నుంచి సన్నని ఊడలు కిందికి వేలాడతాయి. కోసి పడేసిన ముక్క కూడా వారాల తరబడి ఎండిపోకుండా చిగురు వేస్తుంది.

దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది, టినోస్పోరా క్రిస్పా. దాని కాండం బూడిద రంగులో, ఒళ్లంతా బొడిపెలతో ఉంటుంది. విరిస్తే పాలలాంటి ద్రవం కారుతుంది. దాని పండు కోలగా నారింజ రంగులో ఉంటే, తిప్పతీగ పండు గుండ్రంగా ఎర్రగా ఉంటుంది. ఈ తేడాలను 2022 ఫిబ్రవరిలో కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖే పట్టికగా వేసి ప్రకటించింది. చిక్కేమిటంటే, బాగా ముదిరిన అసలు తిప్పతీగ మీద కూడా చిన్నచిన్న బొడిపెలు వస్తాయి. అందుకే బొడిపెల కన్నా పాలు కారడమే నికరమైన గుర్తు. తీగను విరిచినప్పుడు పాలు కారితే అక్కడే వదిలేయండి. ఇక పొడి రూపంలో కొన్నప్పుడు ఈ పరీక్షలేవీ చేయలేం. అక్కడ అమ్మినవాడి మాటే దిక్కు.

వేపచెట్టు మీద పాకినదే శ్రేష్ఠమని పాత నమ్మకం. వైద్యులు కూడా అలాంటిదాన్నే ఏరుకునేవారు. అయితే తిప్పతీగ బదనికలా చెట్టు రసం పీల్చి బతికేది కాదు. దాని వేళ్లు నేలలోనే ఉంటాయి, చెట్టు కేవలం ఆసరా. కాబట్టి ఏ చెట్టు మీద పాకిందనే దానికన్నా ఏ నేలలో పెరిగిందన్నది ముఖ్యం. మురుగుకాలువ పక్కనో, పురుగుమందు కొట్టే చేను గట్టునో పెరిగిన తీగ వేప మీద ఉన్నా ఒకటే, తుమ్మ మీద ఉన్నా ఒకటే.

ఏ భాగం వాడాలి అన్నదాని దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. రోజుకు రెండు మూడు ఆకులు నమిలేవాళ్లే మనకు ఎక్కువ కనిపిస్తారు. కానీ భారత ఆయుర్వేద ఫార్మకోపియా గుడూచి అన్నప్పుడు లెక్కలోకి తీసుకునేది ముదిరిన కాండాన్నే. పొడిగా అయితే 3 నుంచి 6 గ్రాములు, కషాయానికైతే 20 నుంచి 30 గ్రాముల కాండం అని మోతాదు కూడా అందులోనే ఉంది. శార్ఙ్గధర సంహిత ఇంకాస్త నిక్కచ్చిగా ఉంటుంది. పచ్చి మూలిక వాడితే ఎండినదానికి రెట్టింపు తీసుకోవాలన్నది ఆయుర్వేదంలో మామూలు సూత్రం. గుడూచిని ఎప్పుడూ పచ్చిగానే వాడాలి, అయినా రెట్టింపు చేయకూడదు అని ఆ గ్రంథం దీన్ని ప్రత్యేకంగా పక్కకు తీసి చెప్పింది. అనుపానంలోనూ పట్టింపు ఉంది: వాతానికి నెయ్యితో, పిత్తానికి చక్కెరతో, కఫానికి తేనెతో. చరకుడు బుద్ధిని పెంచే రసాయనాలు నాలుగింటిని పేర్కొన్నప్పుడు వాటిలో గుడూచి రసం ఒకటి. అంత గౌరవం ఇచ్చిన సంప్రదాయం కూడా దీన్ని ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నెలో కాచి పొయ్యమనలేదు. రోగిని చూసి, నాడి చూసి, ఆకలి, విరేచనం అడిగి ఇచ్చేది. సంప్రదాయం పేరు చెప్పి అమ్ముతున్న సీసాలు మొట్టమొదట తీసి పారేసింది ఆ చూపునే.

సరే, పనిచేస్తుందా? కొంతవరకు ఆధారాలున్నాయి. విడవకుండా తుమ్ములు, ముక్కు కారడం, ముక్కుదిబ్బడతో బాధపడే అలర్జీ రోగులు 75 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు తిప్పతీగ సారం, రెండో జట్టుకు ఉత్తుత్తి మాత్ర 8 వారాలు ఇచ్చి చూసిన అధ్యయనం 2005లో వచ్చింది. తిప్పతీగ వేసుకున్నవాళ్లకు బాగా ఉపశమనం కలిగింది. అంతకు ముందే, 1990ల మొదట్లో, ముంబై కె.ఇ.ఎం. ఆస్పత్రి వైద్యులు పైత్యనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చిన 30 మంది మీద పరిశీలన చేశారు. శస్త్రచికిత్సకు ముందు తిప్పతీగ ఇచ్చినవారిలో ఆ తర్వాత రక్తంలో ఇన్ఫెక్షన్ సోకడం తగ్గిందని వారు రాశారు. ఇందులోని అరబినోగెలాక్టాన్ అనే పదార్థం సూక్ష్మక్రిములను మింగేసే తెల్లకణాలను ఉసిగొల్పుతుందని ప్రయోగశాలల్లో తేలింది. చేదంతా ఆల్కలాయిడ్లది, డైటెర్పీన్లది. ఇవన్నీ ఆశ పుట్టించేవే. అయితే 75 మంది, 30 మంది అంటే వైద్యశాస్త్రంలో చిన్న సంఖ్యలు. కరోనా రాకుండా ఆపుతుందన్న మాటకు వీటిలో ఏదీ సాక్ష్యం కాదు.

తెల్లకణాలను ఉసిగొల్పడం అన్నమాట దగ్గర కాసేపు ఆగాలి. రోగనిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మంచిదని మనం అనుకుంటాం. కొందరి శరీరంలో ఆ శక్తి దారి తప్పి సొంత అవయవాల మీదే దాడి చేస్తుంటుంది. రుమటాయిడ్ కీళ్లవాతం, లూపస్, సోరియాసిస్, బొల్లి, టైప్ 1 మధుమేహం, థైరాయిడ్ జబ్బుల్లో కొన్ని ఈ కోవలోవే. కాలేయం మీద జరిగే ఇలాంటి దాడిని ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అంటారు. అది ఏళ్ల తరబడి పైకి కనిపించకుండా ఉండగలదు. అలాంటి మనిషికి రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందు ఇస్తే ఏమవుతుంది?

ముంబైలోని కాలేయ వైద్యులు 2021లో ప్రచురించిన పత్రం ఈ ప్రశ్నను ముందుకు తెచ్చింది. 2020 సెప్టెంబరు, డిసెంబరు మధ్య కాలేయం దెబ్బతిని వచ్చిన ఆరుగురు తిప్పతీగ వాడుతున్నారని, వారిలో ఆటోఇమ్యూన్ లక్షణాలు కనిపించాయని అందులో రాశారు. తిప్పతీగను కాలేయానికి ముడిపెట్టడం తప్పుదోవ పట్టించడమేనని ఆ జులైలోనే ఆయుష్ మంత్రిత్వశాఖ ఖండించింది. ఆ రోగులు వాడిన మొక్క ఏదో సరిగా నిర్ధారించలేదన్నది దాని వాదన. 2022లో దేశవ్యాప్తంగా 13 కేంద్రాల వైద్యులు కలిసి మరో అధ్యయనం ప్రచురించారు. హైదరాబాద్ కాలేయ వైద్యులు అందులో ముందు వరసలో ఉన్నారు. ఈసారి రోగులు 43 మంది. వాడకం మొదలుపెట్టిన దగ్గర్నుంచి లెక్కిస్తే సగం మందికి 46 రోజుల్లోపే జబ్బు బయటపడింది. అంతకుముందే కాలేయ జబ్బు ఉండి, ఆ సంగతి తెలిసో తెలియకో వాడినవాళ్ల పరిస్థితి ఎక్కువగా విషమించింది.

పోలికున్న మొక్కతో మోసపోయే ప్రమాదం ఉందన్న మంత్రిత్వశాఖ మాట నిజమే. కానీ అన్ని కేసులనూ ఆ ఒక్క మాటతో కొట్టిపారేయడం కుదరదు. అలాగని లక్షలాది మంది తాగిన కాలంలో 43 కేసులను పట్టుకుని తిప్పతీగ విషమని గగ్గోలు పెట్టడమూ సరికాదు. ఈ హాని అరుదు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేకపోవడమే ఇక్కడి ఇబ్బంది. కాబట్టి పైన చెప్పిన ఆటోఇమ్యూన్ జబ్బులు ఉన్నవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు, అవయవ మార్పిడి అయి ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లు సొంతంగా దీని జోలికి పోకూడదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు సురక్షితమని చెప్పగల ఆధారాలు లేవు, మానుకోవడమే మేలు. ఆయుర్వేదంలో గుడూచిని వాతరక్తం లాంటి కీళ్ల బాధలకు ఇస్తారు కదా అని కొందరు అడుగుతారు. ఇస్తారు. కానీ అలా ఇచ్చే వైద్యుడికి మీరు కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వాడుతున్నారని తెలియాలి, మెథోట్రెక్సేట్ రాసిన డాక్టరుకు మీరు గుడూచి వాడుతున్నారని తెలియాలి. మన దగ్గర ఈ రెండో కబురు ఎప్పుడూ చేరదు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరు అడిగితే "ఏమీ లేవండీ" అంటాం. ఆకు, పొడి మన లెక్కలో మందులు కావు మరి.

షుగర్ సంగతి వేరు. తిప్పతీగ రక్తంలో చక్కెరను కొంత తగ్గిస్తుంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో ఇన్సులినో తీసుకునేవాళ్లు దీన్ని కూడా మొదలుపెడితే, రెండూ కలిసి చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, కళ్లు తిరగడం, గుండెదడ దాని గుర్తులు. తిప్పతీగను నమ్ముకుని మాత్రలు మానేసేవాళ్లకు దీనికి తలకిందుల ప్రమాదం. శస్త్రచికిత్స ఉంటే కనీసం రెండు వారాల ముందు ఆపేసి, ఆ సంగతి మత్తు డాక్టరుకు చెప్పాలి.

వానాకాలం వస్తే డెంగీ జ్వరానికి బొప్పాయి ఆకు రసంతో పాటు తిప్పతీగ రసం కూడా తాగిస్తారు, ప్లేట్‌లెట్లు పెరుగుతాయని. డెంగీలో ప్రాణం నిలిపేది ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవడం, జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులు జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండటం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండటం కనిపిస్తే ఆస్పత్రికే వెళ్లాలి. పచ్చకామెర్లకు పసరు మందు వేయించే అలవాటు మనకు ఎటూ ఉంది. అందులో తిప్పతీగ కలిస్తే, అప్పటికే వాచిపోయిన కాలేయానికి ఇంకో పరీక్ష పెట్టినట్టే.

తిప్పసత్తు గురించి కూడా రెండు మాటలు. వేలెడు లావు తీగ కోసి, పై తొక్క గీకి, ముక్కలు చేసి, దంచి, రాత్రంతా నీళ్లలో నానబెడతారు. పొద్దున చేత్తో బాగా పిసికి వడకట్టి, ఆ నీటిని కదపకుండా ఉంచుతారు. అడుగున తెల్లని గంజి పేరుకుంటుంది. పైనీటిని వంపేసి దాన్ని ఎండబెడితే వచ్చే పొడే సత్తు. అది చాలావరకు పిండిపదార్థం. చేదు అంశాల్లో ఎక్కువ భాగం వంపేసిన నీటితోనే పోతాయి. బుట్టెడు తీగకు గుప్పెడే దిగుతుంది కాబట్టి, చవగ్గా దొరికే తెల్లపొడిలో వేరే పిండి కలిసే వీలు ఎక్కువ. తిప్పతీగతో చేసే అమృతారిష్టం బెల్లంతో పులియబెట్టిన మందు. దానిలో కొద్దిగా ఆల్కహాల్ ఉంటుంది, షుగర్ రోగులు ఇది గుర్తుంచుకోవాలి. సీసా కొనేటప్పుడు ఆయుర్వేద మందుల లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడండి. కొన్ని రసాలు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నంబరుతో ఆహారపదార్థాలుగా అమ్ముడవుతాయి. అవి మందుగా తయారైనవి కావు.

పైన చెప్పిన ఇబ్బందులేవీ లేని ఆరోగ్యవంతులు, ఏదో ఒక బాధకు, చదువుకున్న ఆయుర్వేద వైద్యుడి సలహాతో కొద్దిరోజులు వాడుకోవచ్చు. 2020 అక్టోబరులో ఆయుష్ శాఖ ఇచ్చిన కరోనా మార్గదర్శకాల్లోనే 500 మిల్లీగ్రాముల సారం లేదా 1 నుంచి 3 గ్రాముల పొడి, రోజుకు రెండుసార్లు, 15 రోజులు లేదా నెల అని హద్దు ఉంది. నెలల తరబడి తాగమని అందులోనూ లేదు. ఇప్పటికే రెండు మూడు నెలలుగా తాగుతున్నవాళ్లు ఆపేసి, ఒకసారి లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించుకోవడం మంచిది. వాడుతుండగా ఆకలి చచ్చిపోవడం, వికారం, విపరీతమైన నీరసం, ఒళ్లంతా దురద, మూత్రం ముదురు పసుపులోకి మారడం, కళ్లు పచ్చబడటం లాంటివి కనిపిస్తే ఆ పూటే మానేయాలి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు సీసాను, మిగిలిన పొడిని, వాడిన తీగ ముక్కను పారేయకుండా వెంట తీసుకెళ్లండి. ఏది తిన్నారో తేల్చడానికి వైద్యుడికి అదే ఆధారం. ఆయుర్వేద మందులతో కలిగిన హానిని నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ వ్యవస్థ 2018 నుంచి మన దేశంలో ఉంది. దాని జాతీయ కేంద్రం ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ. మీ కేసును అక్కడికి తెలియజేయమని వైద్యుణ్ణి అడగవచ్చు.