చలికాలపు ఎండయు చర్మమునకు హానియే

వేసవిలో నల్లమాడ ప్రాంతపు గొఱ్ఱెల కాపరి తలకు గుడ్డ చుట్టనిదే ఇల్లు కదలడు. పుష్యమాసము వచ్చుసరికి ఆ గుడ్డ మెడమీదికి జారును. ఎండ హాయిగా నున్నదని అతడు పగలంతయు బయలులో తిరుగును. ఎండ చుర్రుమన్నప్పుడే హాని యని మనలో పెక్కుమంది తలంపు. ఇది సరియైనదేనా?

సూర్యకాంతిలో కంటికి కనబడు వెలుగు, వేడి పుట్టించు పరారుణ కిరణములు మాత్రమే కాక, అతినీలలోహిత కిరణములును కలవు. ఇవి కంటికి కనబడవు, వేడిగాను తోచవు. 1801లో రిట్టర్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు, ఊదారంగునకు ఆవల ఏ వెలుగును కానరాని చోట వెండి క్లోరైడు త్వరగా నల్లబడుట చూచి వీనిని కనుగొనెను. కావున ఒంటికి తగులు వేడిని బట్టి వీని బలమును అంచనా కట్టరాదు.

వీనిలో నేలకు చేరునవి రెండు రకములు. 'బి' కిరణములు చర్మపు పై పొరను కమలజేసి, కణములలోని డి.ఎన్.ఏ.ను దెబ్బతీయును. 'ఏ' కిరణములు లోతునకు పోయి, చర్మమునకు బిగువునిచ్చు తంతువులను సడలించును. ముడుతలు పడుటకు, మంగు ముదురుటకు, కొన్నిరకముల చర్మపు కాన్సరునకు ఎండ కారణమగును.

నల్లమాడ సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. ఏప్రిల్ చివరను, ఆగస్టు నడుమను మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి వచ్చును. ఆగస్టులో మబ్బుండుటచే మనము దానిని గమనింపము. కాని పలుచని మబ్బు ఈ కిరణములను అంతగా ఆపలేదు.

ఇక చలికాలము మాట. డిసెంబరు 22 ప్రాంతమున ఇచ్చట 100 సెంటీమీటర్ల కర్రను నిలువుగా పాతి చూడుడు. మధ్యాహ్నము దాని నీడ సుమారు 77 సెంటీమీటర్లు. లండనులో మార్చి 21న అట్టి కర్ర నీడ సుమారు 125 సెంటీమీటర్లు. అనగా అచ్చటి వసంతారంభమున కన్న మన నడిచలికాలముననే సూర్యుడు ఎత్తుగా నుండును. మన నీడ మనకన్న పొట్టిగా నున్నంతసేపు ఈ కిరణములు బలముగా నున్నవని గుర్తు.

మన చామనచాయకు కారణమగు మెలనిన్ కొంత కాపాడును గాని, పూర్తిగా కాదు. అందుచే మొగము, మెడ, చేతులు కప్పబడని వారు నిత్యము ఎండరక్షణ లేపనము రాయుట మంచిది. దానిపై గల 30 అను సంఖ్యకు, తగినంత రాసినచో 'బి' కిరణములలో ముప్పదవ వంతే లోనికి పోవునని అర్థము. పలుచగా పూసినచో అంత ఫలముండదు. 'ఏ' కిరణములను గూడ ఆపునదేనా యని చూచి కొనవలెను. బయట నున్నంతసేపు రెండు గంటల కొకసారి మరల రాయవలెను.

కూలిచేసి బ్రతుకువారికి ఈ ఖర్చు భారమే. వారికి దట్టమైన నేతగుడ్డ, నిండుచేతుల చొక్కా, తలపాగా, చెట్టునీడ చాలవరకు రక్షణనిచ్చును. ఎండ మనకు శత్రువు కాదు. 'డి' విటమిను చర్మమున తయారగుటకు అదియే ఆధారము. కాని కాపరి తలగుడ్డ వేసవితో విప్పవలసినది కాదు. నీడ పొట్టిగా నున్న ప్రతి మధ్యాహ్నమును అది తలమీదనే ఉండవలెను.