ప్యాకెట్ల రాక – కెర్నెల్ కర్తవ్యం

ఆధునిక మానవుని దైనందిన జీవితంలో ఇంటర్నెట్ పొందిన స్థానాన్ని గురించి కొత్తగా చెప్పవలసిన పని లేదు. విద్యార్థి తన పరీక్షా ఫలితాన్ని చూసుకోవడం మొదలుకొని, వర్తకుడు సొమ్ము చెల్లించడం వరకు అనేక కార్యాలు దాని ఆధారంగానే సాగుతున్నాయి. దూరాన ఉన్న ఒక కంప్యూటరు పంపిన సమాచారం మన కంప్యూటరు వాకిటికి చేరిన తరువాత, అది తెరమీద అక్షరాలై కనిపించేలోగా ఏమి జరుగుతున్నదో మాత్రం మనలో చాలామంది ఆలోచించరు. ఆ వ్యవధి సెకనులో వెయ్యవ వంతుకు మించకపోవచ్చు. అయినా అంతటి స్వల్పకాలంలోనే ఎన్నో నిర్ణయాలు జరిగిపోతాయి. వచ్చిన సమాచారం ఎవరిది, దానిని ఎవరికి అందజేయాలి, ఎప్పుడు అందజేయాలి, అసలు స్వీకరించాలా వద్దా అనే ప్రశ్నలన్నింటికీ సమాధానం చెప్పే బాధ్యత ఆపరేటింగ్ సిస్టమ్‌లో హృదయస్థానం వంటి కెర్నెల్‌ది.

కెర్నెల్ అనగా కంప్యూటరులోని ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, పరికరాలు మొదలైన వాటిని తన అధీనంలో ఉంచుకొని, తక్కిన ప్రోగ్రాములకు వాటిని న్యాయంగా పంచిపెట్టే మూల ప్రోగ్రాము. ఈ వ్యాసంలో లినక్స్ కెర్నెల్‌ను ఉదాహరణగా గ్రహిద్దాం. ఫిన్లండ్ దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన ఈ కెర్నెల్ నేడు ఆండ్రాయిడ్ ఫోన్లలోను, ప్రపంచంలోని అత్యధిక సర్వర్లలోను పనిచేస్తున్నది. దీని మూలగ్రంథం అందరికీ బహిరంగంగా లభిస్తుంది కనుక విద్యార్థులు స్వయంగా చదివి పరిశీలించుకునే అవకాశం కూడా ఉన్నది.

ప్యాకెట్ స్వరూపం

పెద్ద సమాచారాన్ని ఏకఖండంగా పంపక, చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కపై చిరునామా వ్రాసి పంపాలనే ఆలోచన 1960వ దశకంలో అమెరికాలో పాల్ బారన్‌కు, ఇంగ్లండులో డోనాల్డ్ డేవిస్‌కు విడివిడిగా స్ఫురించింది. ఆ ముక్కకు ప్యాకెట్ అని నామకరణం చేసినవాడు డేవిస్. 1969 అక్టోబరు 29న అమెరికాలోని ఆర్పానెట్‌పై తొలి సందేశం ప్రయాణించింది. 1983 జనవరి 1న ఆ వ్యవస్థ టీసీపీ, ఐపీ అనే నియమావళికి మారింది. నేటి ఇంటర్నెట్‌కు అదే పునాది.

సాధారణ ఈథర్నెట్ మీద వచ్చే ఒక ప్యాకెట్ మూడు కవర్లలో ఉంచిన ఉత్తరం వంటిది. వెలుపలి కవరు ఈథర్నెట్‌ది. దాని శీర్షిక 14 బైట్లు. దాని లోపలిది ఐపీ కవరు. శీర్షిక కనీసం 20 బైట్లు. ఆ లోపలిది టీసీపీ కవరు. దానికీ కనీసం 20 బైట్ల శీర్షిక. ఈథర్నెట్ లోపల మోయగల భారం సాధారణంగా 1500 బైట్లు కనుక, రెండు లోపలి శీర్షికలు పోగా అసలు ఉత్తరానికి మిగిలేది 1460 బైట్లు. ఒక ఛాయాచిత్రం మనకు చేరాలంటే ఇటువంటి ప్యాకెట్లు వేలకొలది రావలసి ఉంటుంది.

వాకిట జరిగే పని

ఈ విషయం సుబోధకం కావడానికి ఒక తహసీలు కచేరీని ఊహించుకుందాం. వాకిట జవాను ఉంటాడు. లోపల గుమాస్తాలు ఉంటారు. వారికి ఆవల తమతమ పనులలో నిమగ్నులైన అధికారులు ఉంటారు. అర్జీలు నిరంతరం వస్తూ ఉంటాయి. కంప్యూటరులో ఆ జవాను స్థానం నెట్‌వర్క్ కార్డుది, గుమాస్తాల స్థానం కెర్నెల్‌ది, అధికారుల స్థానం మనం నడిపే ప్రోగ్రాములది.

కార్డు తనకు వచ్చిన ప్యాకెట్‌ను ప్రాసెసరు చేతికి ఇవ్వదు. కెర్నెల్ ముందుగానే జ్ఞాపకశక్తిలో కొన్ని ఖాళీ స్థలాలను కేటాయించి, వాటి చిరునామాలను ఒక వలయాకారపు పట్టికలో వ్రాసి ఉంచుతుంది. దీనినే రింగ్ బఫర్ అంటారు. కార్డు ఆ పట్టికను చూచి, తరువాతి ఖాళీ స్థలంలో ప్యాకెట్‌ను తానే స్వయంగా వ్రాస్తుంది. ప్రాసెసరు ప్రమేయం లేకుండా జరిగే ఈ వ్రాతను డీఎంఏ అని వ్యవహరిస్తారు. జవాను అర్జీని అధికారి చేతిలో పెట్టక, గుమాస్తా ముందుగా అమర్చిన పళ్ళెంలో ఉంచడం వంటిదే ఇది. పళ్ళాలన్నీ నిండిపోతే కొత్త అర్జీకి చోటు లేదు. ఆ ప్యాకెట్ వాకిటనే రాలిపోతుంది.

ప్యాకెట్‌ను ఉంచిన తరువాత కార్డు ఒక గంట మ్రోగిస్తుంది. ఆ గంటకు ఇంటరప్ట్ అని పేరు. గంట వినగానే ప్రాసెసరు తాను చేస్తున్న పనిని ఉన్నచోటనే నిలిపి, ఎంతవరకు వచ్చినదో గుర్తు పెట్టుకొని, కార్డు మాట వినడానికి రావలసినదే. ఇంటరప్ట్‌ను నిరీక్షింపజేయరాదు కనుక ఆ సమయంలో చేసే పని అత్యల్పంగా ఉండాలి. అందువలన లినక్స్‌లో ఈ పనిని రెండు భాగాలు చేశారు. గంటకు బదులు పలికి, చేయవలసిన పని ఉన్నదని చీటీ వ్రాసి పెట్టడం మొదటి భాగం. ఆ చీటీ ప్రకారం ప్యాకెట్‌ను విప్పి పరిశీలించడం రెండవ భాగం. ఈ రెండవ భాగాన్ని సాఫ్ట్ ఐఆర్‌క్యూ అంటారు.

అధిక భారం వల్ల కలిగే ఆపద

ఇంతవరకు చెప్పిన పద్ధతి ప్యాకెట్లు మందకొడిగా వచ్చినంతకాలం నిరాటంకంగా సాగుతుంది. అవి వెల్లువలా వచ్చినప్పుడు ఏమవుతుందో ఆలోచించాలి.

సెకనుకు వెయ్యి కోట్ల బిట్లు మోసే ఈథర్నెట్ తీగ ఒకటి ఉన్నదనుకుందాం. అతి చిన్న ఈథర్నెట్ ప్యాకెట్ 64 బైట్లు. దాని ముందు వెనుకల వదలవలసిన ఖాళీతోను, ఆరంభ సంకేతంతోను కలిపి తీగమీద అది 84 బైట్ల స్థలం ఆక్రమిస్తుంది. అనగా 672 బిట్లు. ఈ లెక్కన సెకనుకు సుమారు 1 కోటి 48 లక్షల 80 వేల ప్యాకెట్లు రావచ్చు. ఒక్కొక్క ప్యాకెట్‌కు దక్కే కాలం 67.2 నానోసెకన్లు మాత్రమే. సెకనుకు 300 కోట్ల స్పందనలు గల ప్రాసెసరుకు ఇది దాదాపు 200 స్పందనల కాలం. ప్రతి ప్యాకెట్‌కు ఒక గంట మ్రోగితే, గంటకు లేచి కూర్చోవడానికే ఆ కాలమంతా చాలదు.

ఇక్కడ ఒక విచిత్రమైన దుస్థితి ఏర్పడుతుంది. ఇంటరప్ట్‌లకు తక్కిన అన్ని పనులకంటె ప్రాధాన్యం ఎక్కువ. కనుక ప్రాసెసరు తన కాలాన్నంతటినీ ప్యాకెట్లను స్వీకరించడంలోనే వ్యయం చేస్తుంది. స్వీకరించినవాటిని ప్రోగ్రాములకు అందజేయడానికి గాని, ఆ ప్రోగ్రాములు వాటిని చదువుకోవడానికి గాని కాలం మిగలదు. లోపలి వరుసలు నిండిపోయి, ఎంతో శ్రమపడి స్వీకరించిన ప్యాకెట్లనే తరువాత పారవేయవలసి వస్తుంది. యంత్రం ఒక్క క్షణమైనా ఖాళీగా లేదు. అయినా ఒక్క పనీ పూర్తి కాదు. వాకిట గంట ఆగకుండా మ్రోగుతుంటే గుమాస్తాలందరూ అర్జీలు పుచ్చుకోవడానికే పరుగులు తీస్తూ, ఒక్క అర్జీపైనైనా ఉత్తరువు వెలువడని కచేరీ స్థితి ఇదే.

ఈ దుస్థితిని ఇంగ్లీషులో రిసీవ్ లైవ్‌లాక్ అంటారు. జెఫ్రీ మోగల్, కె. కె. రామకృష్ణన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1996లో యూసెనిక్స్ సమావేశంలో సమర్పించిన పత్రంలో దీనిని ప్రయోగపూర్వకంగా నిరూపించారు. వీరిలో రామకృష్ణన్ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివినవారు. ప్యాకెట్లను ఒకవైపు నుండి మరొకవైపుకు పంపే యంత్రంపై భారం పెంచుతూ పోయినప్పుడు, ఒక హద్దు వరకు ఫలితం పెరిగి, ఆ పైన క్షీణించింది. ప్యాకెట్లను వడపోసే ఒక ప్రోగ్రామును కూడా చేర్చినప్పుడు ఫలితం చివరకు శూన్యానికి దిగజారింది.

నాపి అనే పరిష్కారం

ఆపదను చూపిన పత్రంలోనే ఉపాయం కూడా ఉన్నది. భారం తక్కువగా ఉన్నప్పుడు గంట మంచిదే. భారం ఎక్కువైనప్పుడు గంటను కట్టివేసి, గుమాస్తాయే తనకు వీలైనప్పుడు వచ్చి పళ్ళెం చూచుకోవాలి. జమాల్ హదీ సలీం, రాబర్ట్ ఓల్సన్, అలెక్సీ కుజ్నెత్సోవ్ అనే మువ్వురు 2001లో ఇదే మార్గంలో లినక్స్ కోసం రూపొందించి ప్రకటించిన పద్ధతికి నాపి అని పేరు.

దాని క్రమం ఇది. తొలి ప్యాకెట్ వచ్చినప్పుడు కార్డు గంట మ్రోగిస్తుంది. కెర్నెల్ వెంటనే ఆ కార్డు గంటను నిలిపివేసి, చీటీ వ్రాసుకొని వెళ్ళిపోతుంది. తరువాత సాఫ్ట్ ఐఆర్‌క్యూ వచ్చి రింగ్ బఫర్‌లో ఉన్న ప్యాకెట్లను వరుసగా తీసుకుంటుంది. ఒక కార్డు వంతు సాధారణంగా 64 ప్యాకెట్లు. అన్ని కార్డులకు కలిపి ఒక విడతలో 300 ప్యాకెట్ల పరిమితి ఉన్నది. దానితో పాటు కాలపరిమితి కూడా ఉన్నది. తన వంతు పూర్తి కాకముందే పళ్ళెం ఖాళీ అయితే, ఒత్తిడి తగ్గినదని గ్రహించి కెర్నెల్ గంటను మరల విప్పుతుంది. పరిమితి ముగిసినా ప్యాకెట్లు మిగిలి ఉంటే, ఆ శేషకార్యాన్ని మరల మరల తానే మీద వేసుకొనక, కె సాఫ్ట్ ఐఆర్‌క్యూ డి అనే సేవకునికి అప్పగిస్తుంది. ఈ సేవకుడు తక్కిన ప్రోగ్రాములతో సమానంగా వరుసలో నిలబడి తన వంతు కాలాన్ని పొందుతాడు. అందువలన ప్యాకెట్లు ఎన్ని వచ్చినా తక్కిన పనులు పూర్తిగా స్తంభించిపోవు.

ఇందులో గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. గంట కట్టివేసి ఉన్నంతసేపు, మితిమీరి వచ్చిన ప్యాకెట్లు కార్డు వద్దనే రాలిపోతాయి. ప్రాసెసరు వాటిపై ఏ శ్రమా వెచ్చించదు. పూర్తిచేయలేని పనిని సగం చేసి విడిచేకంటె, ఆదిలోనే విడిచిపెట్టడం వల్ల శ్రమ మిగిలి, స్వీకరించిన పని పూర్తవుతుంది. 2016లో లినక్స్‌లో చేరిన ఎక్స్‌డీపీ అనే సదుపాయానికి కూడా ఇదే ఆధారం. శత్రువులు కావాలని కురిపించే ప్యాకెట్లను కార్డు నడిపే ప్రోగ్రాము స్థాయిలోనే గుర్తించి పారవేయడానికి అది తోడ్పడుతుంది.

కవర్లు విప్పే క్రమం

వాకిలి దాటిన ప్యాకెట్‌కు కెర్నెల్ ఒక దస్త్రం తయారు చేస్తుంది. దానిని ఎస్‌కే బఫ్ అంటారు. ప్యాకెట్ ఎక్కడ ఉన్నది, ఏ కార్డు ద్వారా వచ్చినది, ఏ శీర్షిక ఎక్కడ మొదలవుతుంది మొదలైన వివరాలు అందులో ఉంటాయి. ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు వెళ్ళేటప్పుడు ప్యాకెట్‌ను మరల నకలు తీయరు. దస్త్రంలోని గుర్తును మాత్రం ముందుకు జరుపుతారు. ఒకే సంభాషణకు చెందిన ప్యాకెట్లు వెంటవెంట వస్తే, వాటిని ఒకే పెద్ద కట్టగా కట్టి పైకి పంపడం కూడా ఉన్నది.

మొదట ఈథర్నెట్ శీర్షికలోని రకపు సంఖ్యను చూచి, లోపల ఉన్నది ఐపీ నాలుగవ రూపమా, ఆరవ రూపమా, లేక మరొకటా అని నిర్ణయిస్తారు. తరువాత ఐపీ శీర్షికలో దోషాలు ఉన్నవేమో తనిఖీ చేసి, చిరునామా మన యంత్రానిదేనా అని విచారిస్తారు. ఇతరులదైతే, అనుమతి ఉన్న పక్షంలో ముందుకు పంపుతారు, లేకుంటే విడిచిపెడతారు. ఈ దారిలోనే నెట్‌ఫిల్టర్ అనే తనిఖీ కేంద్రాలు ఉన్నాయి. ఏ ప్యాకెట్‌ను రానివ్వాలో, దేనిని నిరోధించాలో యజమాని విధించిన నిబంధనలు అక్కడ అమలు జరుగుతాయి.

చివరి కవరు టీసీపీది గాని, యూడీపీది గాని కావచ్చు. అందులోని పోర్ట్ సంఖ్యనుబట్టి ఈ ఉత్తరం ఏ ప్రోగ్రాముదో తెలుస్తుంది. ఒకే ఇంటిలో పలువురు నివసిస్తే ఇంటి నంబరుతో పాటు గది నంబరు కూడా కావలసినట్లే ఇది. టీసీపీ అయితే ప్రతి బైట్‌కు వరుస సంఖ్య ఉంటుంది. ముందు రావలసినది వెనుక వచ్చినా కెర్నెల్ దానిని సరిదిద్ది, అందినట్లు పంపినవానికి రసీదు పంపుతుంది. ఆ రసీదులోనే తన వద్ద ఇంకా ఎంత చోటు మిగిలి ఉన్నదో కూడా తెలియజేస్తుంది. పంపేవాడు ఆ మేరకు తన చేయి బిగబట్టుకుంటాడు. యూడీపీకి ఈ మర్యాద లేదు. చోటు నిండితే ప్యాకెట్ నిశ్శబ్దంగా పోతుంది.

ఈ విధంగా పరిష్కృతమైన సమాచారం సాకెట్ అనే పెట్టెలో చేరుతుంది. 1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ వారు వెలువరించిన 4.2 బీఎస్‌డీతో ప్రచారంలోకి వచ్చిన ఈ ఏర్పాటు నేటికీ చెక్కుచెదరలేదు. పెట్టె వద్ద నిరీక్షిస్తూ నిద్రిస్తున్న ప్రోగ్రామును కెర్నెల్ తట్టి లేపుతుంది. అది మేలుకొని, సమాచారాన్ని తన సొంత జ్ఞాపకస్థలంలోనికి నకలు చేయించుకుంటుంది. అక్కడితో ప్యాకెట్ ప్రయాణం ముగుస్తుంది.

పలువురు పంచుకునే భారం

నేటి ప్రాసెసరులో పని చేసే కోర్‌లు అనేకం. కార్డులు కూడా ఒకటికి బదులు పలు వరుసలను నిర్వహిస్తున్నాయి. పంపినవాని చిరునామా, పుచ్చుకునేవాని చిరునామా, పోర్ట్ సంఖ్యలు కలిపి ఒక లెక్క కట్టి, వచ్చిన ఫలితాన్నిబట్టి ప్యాకెట్ ఏ వరుసకు వెళ్ళాలో కార్డు నిర్ణయిస్తుంది. ఒకే సంభాషణకు చెందినవన్నీ ఒకే వరుసలోనికి, ఒకే కోర్ వద్దకు చేరుతాయి. అందువల్ల భారం పంచబడుతుంది, వరుస క్రమమూ చెడదు.

ఉపసంహారం

పరీక్షా ఫలితాలు వెలువడే దినాన వేలాది విద్యార్థులు ఒకేసారి ఒక సర్వరు తలుపు తట్టడం మనకు అనుభవంలోని విషయమే. ఆ ఒక్క గంటలో అందరికీ ఒకేసారి సమాధానం చెప్పగల శక్తి ఏ యంత్రానికీ ఉండకపోవచ్చు. వచ్చినవారందరినీ లోనికి పిలిచి ఒక్కరికీ సమాధానం చెప్పలేని యంత్రం ఒకటి. తన శక్తి మేరకు కొందరిని పిలిచి, వారికి ఫలితం చూపి పంపి, తరువాతివారిని పిలిచే యంత్రం మరొకటి. రెండింటి ప్రాసెసరు ఒకటే, తీగ ఒకటే. మొదటి యంత్రం వద్ద సాయంకాలం వరకు నిలబడినా ఒక్క విద్యార్థి మార్కులైనా కనిపించవు. రెండవదాని వద్ద ఆలస్యమైనా అందరి వంతూ వస్తుంది. ఈ వ్యత్యాసానికి కారణం గంటను ఎప్పుడు మ్రోగనివ్వాలి, ఎప్పుడు కట్టివేయాలి అనే వివేకాన్ని కెర్నెల్ వ్రాసినవారు అందులో నిక్షేపించడమే.

కంప్యూటరు శాస్త్రం అభ్యసించే విద్యార్థులు పైపై ప్రోగ్రాములు వ్రాయడంతో తృప్తి చెందక, ఈ అంతర్భాగాలను కూడా పరిశీలించడం అవసరం. లినక్స్‌లో నెట్‌వర్క్ కార్డులను నడిపే చిన్న ప్రోగ్రాము ఒకదానిని ఎంచుకొని, ఇంటరప్ట్ నుండి సాకెట్ వరకు ఒక్క ప్యాకెట్ దారిని వరుసగా చదివినా, ఈ వ్యాసంలో క్లుప్తంగా చెప్పినవన్నీ కంటికి కనిపిస్తాయి. అందుకు కావలసినది ఒక సాధారణ కంప్యూటరు, కొంత ఓర్పు.